కడుపునొప్పి కరోనా తగ్గేదాకా ఆగుతుందా

వైరా సెంటర్లో నిలబడి పెద్దాస్పత్రికి దారేదని అడిగితే మూడు జవాబులొస్తాయి. దగ్గర్లో కావాలంటే ఖమ్మం, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. మధిర మీదుగా ఆంధ్రా సరిహద్దు దాటగలిగితే విజయవాడ. ఇక స్తోమత ఉన్నవాళ్లకూ, ఖమ్మంలో చేతులెత్తేసినవాళ్లకూ హైదరాబాదు. తల్లాడ దాటి ఏన్కూరు, జూలూరుపాడు వైపు అడవి అంచు పల్లెలవాళ్లు కూడా ముందు ఈ సెంటరుకే దిగి, ఆ తర్వాత దారి ఎంచుకుంటారు. జ్వరానికి ఎక్కడో ఒకచోట సూది దొరుకుతుంది. కోత పడాలంటే మాత్రం ప్రయాణం తప్పదు.

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. బస్సులు ఆగాయి, జిల్లా సరిహద్దుల్లో తనిఖీలు మొదలయ్యాయి. అపెండిక్స్ వాపుకీ, అడ్డం తిరిగిన బిడ్డకీ, జారిపడి విరిగిన తుంటి ఎముకకీ లాక్‌డౌన్ సంగతి తెలియదు కదా. ఆపరేషన్ అవసరమైన మనిషికి ఆ రోజుల్లో రెండు భయాలు. ఆస్పత్రికి పోతే కరోనా అంటుకుంటుందేమో, పోకపోతే ఉన్న జబ్బే ప్రాణం తీస్తుందేమో. డాక్టర్లకూ అవే రెండు భయాలు, కాకపోతే వాళ్లు రోజుకు పదిమంది తరఫున పడాలి. మహమ్మారి కాలంలో శస్త్రచికిత్స అనగానే తెల్లటి పీపీఈ సూట్లే మనకు గుర్తొస్తాయి. నన్నడిగితే అందులో సూటు పాత్ర చిన్నది. ఎవరికి ఎప్పుడు, ఏ తలుపు గుండా, ఏ వరుసలో ఆపరేషన్ చేయాలన్న నిర్ణయాల మీదే ఎక్కువ ప్రాణాలు నిలిచాయి, లేదా పోయాయి.

హైదరాబాదులో ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని ఆస్పత్రుల స్థాయిలోనే తీసుకుంది. గాంధీ ఆస్పత్రిని పూర్తిగా కరోనాకు కేటాయించి, మామూలు రోగులను ఉస్మానియాకు మళ్లించింది. కాగితం మీద ఇది సరైన పనే. జబ్బున్నవాళ్లనూ లేనివాళ్లనూ ఒకే కప్పు కింద పెట్టకపోవడం అంటువ్యాధుల నివారణలో మొదటి సూత్రం. కానీ ఆ పని చేసిన రోజు నుంచే గాంధీలో జరగాల్సిన మామూలు ఆపరేషన్లన్నీ వేరే తలుపు వెతుక్కోవాల్సి వచ్చింది. 2020 జూలైలో భారీ వానలకు ఉస్మానియా పాతభవనం వార్డుల్లోకి మురుగునీళ్లు చేరాయి. రోగులను పక్క భవనాలకు తరలించి నిజాం నాటి కట్టడాన్ని మూసేశారు. గాంధీలో మామూలు సేవలు నవంబరులో గానీ మళ్లీ మొదలుకాలేదు. 2021 ఏప్రిల్‌లో రెండో అల రాగానే అవీ ఆగిపోయాయి.

విడదీయడం చేతకానిచోట ఏమవుతుందో 2020 ఏప్రిల్‌లోనే రాష్ట్రం చూసింది. జోగులాంబ గద్వాల జిల్లా నుంచి బయల్దేరిన ఒక నిండు గర్భిణిని, కరోనా అనుమానంతో ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి పంపుతూ పోయారు. చివరికి తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఆమె ప్రాణం తీసింది కరోనా కాదు, ఆస్పత్రులు ‘మా దగ్గర దించండి’ అనకపోవడం. ఇటు కరోనాకీ అటు మామూలుకీ చెందని మనిషి, అంటే పరీక్ష ఫలితం ఇంకా రానివాళ్లు, ఎక్కడ ఉండాలి? మూడో గది ఒకటి ఉండాలన్న ఆలోచన చాలా ఆస్పత్రులకు ఆ తర్వాతే వచ్చింది. ‘అనుమానిత’ వార్డు అని బోర్డు పెట్టిన ఆ గదిలోనే కాన్పులు చేయడానికి కూడా ఏర్పాటు ఉంటే తప్ప రోగిని తిప్పి పంపడం ఆగదు.

ఇక ఆ నిర్ణయాల్లో మొదటిది, ఎవరు ఆగగలరన్న ప్రశ్న. ప్రపంచవ్యాప్తంగా సర్జన్లు చేతులు కలిపి నడిపిన ‘కోవిడ్‌సర్జ్’ బృందం 2020 మేలో ఒక అంచనా వేసింది. తొలి అల ఉధృతంగా ఉండే 12 వారాల్లో దాదాపు 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు రద్దవడమో వాయిదా పడడమో జరుగుతుందని లెక్క. ఇందులో ఎక్కువ భాగం ప్రాణం మీదికి రాని జబ్బులే: మోకీలు మార్పిడి, నొప్పిలేని హెర్నియా, శుక్లాలు, అప్పుడప్పుడూ సతాయించే పిత్తాశయం రాళ్లు. వీటిని వాయిదా వేయొచ్చనడంలో ఎవరికీ పేచీ లేదు. పేగుకు రంధ్రం పడినా, కాన్పు కష్టమైనా, హెర్నియా బిగుసుకుని పేగు నల్లబడుతున్నా ఆగకూడదన్నదానిలోనూ పేచీ లేదు. పేచీ అంతా మధ్యలో ఉన్నవాటితోనే. షికాగో విశ్వవిద్యాలయం సర్జన్లు ఇందుకోసం 21 అంశాలతో ఒక మార్కుల పట్టిక తయారుచేశారు. ఆపరేషన్‌కు ఎంతసేపు పడుతుంది, ఎంతమంది సిబ్బంది కావాలి, రోగికి షుగర్ ఉందా, ఆపరేషన్ లేకుండా మందులతో నెట్టుకురావచ్చా అంటూ ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం పెరిగేకొద్దీ ఆపరేషన్ వెనక్కి జరుగుతుంది. మంచి పట్టికే. కానీ రోగి ఇల్లు ఎంత దూరం అన్న అంశం అందులో లేదు. షికాగోలో ఆ అవసరం రాలేదేమో.

మన దగ్గర వస్తుంది. అపెండిక్స్‌నే తీసుకోండి. 2020 అక్టోబరులో అమెరికాలో 1,552 మంది రోగులపై జరిగిన ‘కోడా’ పరిశోధన ఫలితాలు వచ్చాయి. సగంమందికి ఆపరేషన్, సగంమందికి కేవలం యాంటీబయాటిక్స్. మందులు తీసుకున్నవాళ్లలో పదిమందికి ఏడుగురు 90 రోజుల దాకా ఆపరేషన్ లేకుండానే గడిపారు, మిగతా ముగ్గురికి ఎలాగూ చేయాల్సి వచ్చింది. అపెండిక్స్‌లో గట్టిపడిన మలపు ముద్ద ఉన్నవాళ్లలో ఆ ముగ్గురు నలుగురయ్యారు. థియేటర్ ఖాళీ లేని రోజుల్లో ఇది గొప్ప వెసులుబాటు, చాలా దేశాల్లో దీన్ని వాడుకున్నారు. ఖమ్మం పట్టణంలో ఉండే కుర్రాడికైతే నేనూ ఇదే సబబంటాను. నొప్పి తిరగబెడితే అర్ధగంటలో ఆస్పత్రిలో ఉంటాడు. ఏన్కూరు అవతల అడవి పల్లెలో, బస్సుల్లేని లాక్‌డౌన్‌లో ఉన్నవాడికి అవే మాత్రలిచ్చి ఇంటికి పంపితే? ఆ పదిమందిలో ముగ్గురిలో అతనుంటే, నొప్పి మొదలైన రాత్రి అతనికి దొరికేది ఆర్‌ఎంపీ సూది ఒక్కటే. నొప్పి తగ్గినట్టే తగ్గి, లోపల అపెండిక్స్ పగిలి, మూడో రోజుకి కడుపు బిగుసుకుంటుంది. అలాంటివాడికి పరిస్థితి చేయి దాటిపోకముందే కోయడమే భద్రత. ఒకే పరిశోధన, ఒకే జబ్బు, రెండు ఊళ్లకు రెండు వైద్యాలు.

ఇక వాయిదాకు అస్సలు లొంగనిది కాన్పు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. ఇన్ని పెద్దాపరేషన్లు అవసరమా అన్నది వేరే గొడవ, దానికి ఇంకో అధ్యాయం కావాలి. మహమ్మారి కోణం నుంచి చూస్తే దీని అర్థం ఒకటే: ఇక్కడి ఆస్పత్రుల్లో మామూలు ఆపరేషన్లన్నీ ఆపేసినా థియేటర్ దీపం ఆరదు. గాంధీలో 2020 మేలోనే కరోనా సోకిన గర్భిణికి సిజేరియన్ చేశారు. ఆ తర్వాత అలాంటివి వందల్లో జరిగాయి.

కరోనా ఉన్న మనిషికి ఆపరేషన్ చేస్తే అంత ప్రమాదమెందుకు? తొలి హెచ్చరిక వూహాన్ నుంచి వచ్చింది. అక్కడ 34 మందికి ముందే నిర్ణయించిన మామూలు ఆపరేషన్లు చేశారు. వాళ్లందరి ఒంట్లో వైరస్ అప్పటికే ఉంది, లక్షణాలు మాత్రం ఇంకా బయటపడలేదు. ఆపరేషన్ తర్వాత 15 మంది ఐసీయూకి చేరారు, ఏడుగురు చనిపోయారు. చిన్న సంఖ్యే కదా అనుకునేలోపు, 2020 మే నెలాఖరులో లాన్సెట్ వైద్య పత్రికలో కోవిడ్‌సర్జ్ వ్యాసం వచ్చింది. 24 దేశాల్లోని 235 ఆస్పత్రుల నుంచి 1,128 మంది వివరాలు. ఆపరేషన్‌కు వారం ముందో, నెల తర్వాతలోపో వైరస్ బయటపడినవాళ్లు. ముప్పై రోజుల్లో నూటికి దాదాపు 24 మంది చనిపోయారు. సగంమందికి ఊపిరితిత్తుల సమస్యలొచ్చాయి. చనిపోయిన ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా వాళ్లలోనివాళ్లే.

ఎందుకో తెలియాలంటే మత్తిచ్చిన ఛాతీలోకి చూడాలి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి మత్తివ్వగానే కండరాలు సడలుతాయి. కడుపుకీ ఛాతీకీ మధ్య ఉన్న డయాఫ్రం అనే కండరపు పొర పైకి జరిగి, ఊపిరి వదిలాక కూడా లోపల నిల్వ ఉండాల్సిన గాలిని తగ్గించేస్తుంది. ఊపిరితిత్తుల అడుగుభాగంలోని వాయుకోశాలు కొన్ని అక్కడికక్కడే ముడుచుకుపోతాయి. మామూలు రోగికి ఒకటి రెండు రోజుల్లో అవి మళ్లీ విప్పుకుంటాయి. విప్పుకోవాలంటే మనిషి గట్టిగా ఊపిరి పీల్చాలి, దగ్గాలి, లేచి తిరగాలి. కడుపు మీద కుట్లున్నవాడు దగ్గగలడా? నొప్పికి భయపడి పైపైన గాలి పీలుస్తాడు. కళ్లె లోపలే ఉండిపోతుంది. ఆ సమయానికి అదే వాయుకోశాల్లో వైరస్ మంట పెడుతుంటే రెండు దెబ్బలు ఒకేచోట తగులుతాయి. పైగా కోత అంటేనే ఒంటికి గాయం. గాయం మానడానికి శరీరం పుట్టించే వాపు రసాయనాలు, రక్తం గడ్డకట్టే స్వభావం కరోనా పుట్టించేవాటికి తోడవుతాయి.

ఆపరేషన్ బల్ల దగ్గర చూడాల్సింది నాడినా ఊపిరినా అని పందెం కట్టిన ఊరు మన హైదరాబాదే అన్న సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1888లో, మళ్లీ 1889లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో సర్జన్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. నేటి ఉస్మానియాకు మాతృక అయిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి బృందం అది. రెండోసారి లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. రూపాబాయి ఫర్దూన్‌జీ అనే డాక్టరమ్మ కూడా ఆ పనిలో ఉన్నారు. మత్తిచ్చేవాళ్లు నాడిని వదిలేసి ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలని వాళ్లు తేల్చారు. క్లోరోఫాంతో గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని తర్వాత రుజువై ఆ తీర్పు వీగిపోయింది. 2020లో మాత్రం మత్తు డాక్టర్లు రోగి ఊపిరి గురించే కాక, ఆ ఊపిరి తమ ముఖం మీదికి రావడం గురించి కూడా ఆలోచించాల్సి వచ్చింది.

సరే, వైరస్ ఉన్నవాళ్లను ముందే పట్టేద్దాం అంటారు. పరీక్ష ఉంది కదా. ఉంది, కానీ అది చెప్పేది సగమే. వైరస్ సోకిన రోజున ముక్కులో పుల్ల పెడితే ఆర్‌టీపీసీఆర్‌కి కూడా ఏమీ చిక్కదు. నాలుగో రోజున కూడా ముగ్గురిలో ఇద్దరు తప్పించుకుంటారు. ఎనిమిదో రోజుకి, అంటే లక్షణాలు మొదలైన మూడు రోజుల తర్వాత, తప్పించుకునేవాళ్లు ఐదుగురిలో ఒకరికి తగ్గుతారు. ఇది అప్పటి పరిశోధనలన్నీ కలిపి జాన్స్ హాప్కిన్స్ బృందం కట్టిన లెక్క. ఇక అర్ధగంటలో ఫలితమిచ్చే ర్యాపిడ్ యాంటిజెన్ కిట్‌కు 2020 జూన్‌లో ఐసీఎంఆర్ అనుమతిస్తూ, నిజంగా వైరస్ ఉన్నవాళ్లలో 50.6 నుంచి 84 శాతం మందిని అది పడుతుందని చెప్పింది. ఆపరేషన్‌కు వచ్చిన వెయ్యిమందిలో ఇరవైమందికి వైరస్ ఉందనుకుందాం. కిట్ పది నుంచి పదిహేడుమందిని పడుతుంది. మిగతా ముగ్గురో పదిమందో ‘నెగెటివ్’ కాగితం చేతబట్టుకుని మామూలు వార్డులోకి నడుస్తారు. అందుకే పరీక్షతోపాటు రెండు వారాల వెనక్కి ప్రశ్నలు వేయాలి: ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా, పెళ్లికో దినానికో వెళ్లారా, వాసన తెలుస్తోందా. ‘సీటీలో స్కోరెంత’ అని పలకరించుకునే దాకా వెళ్లిన రెండో అలలో, స్కానింగ్ కన్నా ఈ ప్రశ్నలే చాలాసార్లు ఎక్కువ చెప్పగలిగేవి. ఖర్చు కూడా లేదు.

ఇప్పుడు థియేటర్లోకి వెళ్దాం. పెద్ద నగరంలో కరోనాకి ఒకటి, మామూలు రోగులకి ఒకటి అని రెండు థియేటర్లు పెట్టుకోవచ్చు. దాని ఫలితం కూడా కొలిచారు. 55 దేశాల్లో క్యాన్సర్ ఆపరేషన్లు చేయించుకున్న 9,171 మందిని చూస్తే, కరోనా రోగులతో థియేటర్, ఐసీయూ, వార్డు ఏవీ పంచుకోని చోట ఊపిరితిత్తుల సమస్యలు నూటికి 2.2 మందికి వచ్చాయి. పంచుకున్నచోట 4.9. సగానికి పైగా తగ్గుదల, అదీ కొత్త మందూ మాకూ లేకుండా, కేవలం దారులు వేరుచేసి.

వైరా లాంటి ఊళ్లో చిన్న నర్సింగ్‌హోం థియేటర్ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఇక్కడే నవ్వొస్తుంది. ఒక మెట్లదారి, ఒక వరండా. గుమ్మం బయట చెప్పులు విడిచే చోటు, లోపల రబ్బరు స్లిప్పర్లు. పచ్చ పరదా వెనక ఒకే ఒక్క థియేటర్. బల్ల, పైన దీపం, మూలన మత్తు మెషీన్, గోడకి స్ప్లిట్ ఏసీ. మత్తు డాక్టర్ ఆ ఆస్పత్రి మనిషి కూడా కాదు, ఖమ్మం నుంచి పిలిస్తే వస్తారు. రోజుకు మూడు నాలుగు ఆస్పత్రులు తిరుగుతారు. ఇందులో రెండు దారులు ఎక్కడి నుంచి తెస్తాం? స్థలం లేనప్పుడు కాలాన్ని పంచాలి. వైరా చెరువు కింద రైతులకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. కాలువ ఒక్కటే అయినప్పుడు నీళ్లు వంతుల మీద పారతాయి. థియేటర్ ఒక్కటే అయినప్పుడు జ్వరం, దగ్గు, అనుమానం ఏవీ లేనివాళ్ల ఆపరేషన్లు పొద్దున. అనుమానం ఉన్నవాళ్లు, అత్యవసరమైతే తప్ప, ఆ రోజు చివరి వంతు. తర్వాత గది కడగడానికి, గాలి మారడానికి రాత్రంతా ఉంటుంది. అత్యవసరం ఎప్పుడొచ్చినా దానికి వంతు లేదు, అది వచ్చాక మిగతావాళ్లు ఆగాలి. ఎంతసేపు?

దీనికి లెక్క ఉంది, చాలా థియేటర్లలో ఎవరూ వేయని లెక్క. గదిలో ఉన్న గాలి పరిమాణమంత కొత్త గాలి ఒకసారి వచ్చి పోతే, గాల్లో తేలే సూక్ష్మకణాలన్నీ పోవు. కొత్తగాలి పాతదానితో కలిసిపోతుంది కనుక 63 శాతం పోయి 37 శాతం మిగులుతాయి. రెండోసారికి ఆ మిగిలినదాంట్లో 37 శాతం, అంటే 14 దాకా. నూటికి ఒకటి మిగలాలంటే 4.6 సార్లు గాలి మారాలి. ఆపరేషన్ థియేటర్లో గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలని ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే మన ఎన్‌ఏబీహెచ్ ప్రమాణం. అలాంటి చోట 14 నిమిషాలు ఆగితే చాలు. మన చిన్న థియేటర్ 20 అడుగుల పొడవు, 15 వెడల్పు, 10 ఎత్తు అనుకుంటే 3,000 ఘనపుటడుగులు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు. తలుపు సందుల్లోంచి గంటకి ఒక్కసారి గాలి మారుతోందనుకుంటే నూటికి ఒకటి మిగలడానికి నాలుగున్నర గంటలు దాటుతుంది. అదే గోడకి నిమిషానికి 500 ఘనపుటడుగులు లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి, ఎదురుగా స్వచ్ఛమైన గాలి రావడానికి దారి ఇస్తే గంటకు పదిసార్లు మారుతుంది. 28 నిమిషాలు. మూలల్లో గాలి అంత తేలిగ్గా కదలదు కాబట్టి ముప్పావుగంట ఆగితే మంచిది. ఇందులో వేలల్లో ఖర్చుంది తప్ప లక్షల్లో లేదు.

ఒక చిక్కుంది. కోసిన కడుపు తెరిచి ఉన్నంతసేపూ బయటి దుమ్ము లోపలికి రాకూడదు. అందుకే మంచి థియేటర్లో గాలి ఎప్పుడూ లోపలి నుంచి వరండాలోకి పోతుంది. కరోనా రోగి విషయంలో దీనికి సరిగ్గా ఎదురు కావాలి, లోపలి గాలి వరండాలోకి పోకూడదు. పుండు ఒకటి అడుగుతుంది, వరండాలో ఉన్నవాళ్లు ఇంకొకటి అడుగుతారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపరేషన్ జరుగుతున్నప్పుడు వేస్తే వరండా దుమ్మంతా పుండు మీదికి లాగుతుంది. కాబట్టి కోత నడుస్తున్నంతసేపూ తలుపు మూసి, లోపల అవసరమైనవాళ్లే ఉండి, రోగి బయటికి వెళ్లాకే ఫ్యాన్ వేయాలి. మధ్యలో దారం కోసం, గాజుగుడ్డ కోసం తలుపు పదిసార్లు తీసే అలవాటుంటే ఈ లెక్కలేవీ పనిచేయవు. సామానంతా ముందే లోపల సర్దిపెట్టడం అన్నది నర్సమ్మ పని, ఈ మొత్తం వ్యవహారంలో అతి చవకైన రక్షణ కూడా అదే.

సిజేరియన్‌కు వెన్నుకు సూది వేసి చేయడం మన అదృష్టం. గొంతులో గొట్టం వేయక్కర్లేదు, రోగి తనంతట తనే ఊపిరి పీలుస్తుంది, మూతికి మాస్కు ఉంచుకోవచ్చు. ఊపిరితిత్తులకూ మంచిది, చుట్టూ ఉన్నవాళ్లకూ మంచిది. గొట్టం వేయడమంటే తొలి రోజుల్లో డాక్టర్లు హడలిపోయారు. రోగి తల చుట్టూ ప్లాస్టిక్ పెట్టెలు బిగించి, చేతులు రంధ్రాల్లోంచి దూర్చి తంటాలు పడ్డారు. బ్రిటన్‌లో ఒక బృందం 2020లోనే అతిశుభ్రమైన థియేటర్లో కణాలు లెక్కించే యంత్రం పెట్టి కొలిచింది. మత్తులో ఉన్న మనిషికి గొట్టం వేసేటప్పుడు వెలువడే కణాలు ఒక్క దగ్గులో వచ్చేవాటికన్నా వందల రెట్లు తక్కువని తేలింది. గొట్టం తీసేటప్పుడు, మెలకువొస్తూ రోగి దగ్గినప్పుడు, ఎక్కువ. అదీ మామూలు దగ్గుకన్నా తక్కువే. అంటే థియేటర్లో పూర్తి సూటు వేసుకుని, వార్డులో దగ్గుతున్న రోగి పక్కన గడ్డం కింద మాస్కుతో నిలబడడం తలకిందుల జాగ్రత్త. దగ్గే మనిషి ఎక్కడుంటే ప్రమాదం అక్కడ.

అలా వార్డు దగ్గరికి వచ్చాం. మన ఆస్పత్రుల్లో రోగి ఒక్కడే ఉండడు. అత్తో, అమ్మో, మరిదో వెంట ఉంటారు, మందుల చీటీ పట్టుకుని కింది షాపుకి పరుగెత్తేది వాళ్లే, మంచం మీద లేపి కూర్చోబెట్టేది వాళ్లే, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చేది వాళ్లే. ‘అటెండెంట్లు రాకూడదు’ అని బోర్డు పెట్టడం తేలిక. ఆ పనులన్నీ చేయడానికి సిబ్బంది ఉంటేనే ఆ బోర్డుకి అర్థం. ఒక్కరే ఉండాలి, మొదటినుంచి చివరిదాకా ఆ ఒక్కరే ఉండాలి, వాళ్లకూ పరీక్ష చేయాలి, రోజుకొకరు మారకూడదు. ఈ ఏర్పాటు చేసిన చోట జనం ఒప్పుకున్నారు కూడా. ఆపరేషనైన మనిషిని లేపి కూర్చోబెట్టి, దిండు కడుపుకి అదిమి పట్టుకుని దగ్గించడం ఆ ఒక్కరికి నేర్పితే ముడుచుకున్న వాయుకోశాలు విప్పుకునే పని సగం అయినట్టే.

రెండో అలలో ఆక్సిజన్ కొరత థియేటర్ల గొంతు కూడా పట్టుకుంది. 7,000 లీటర్ల పెద్ద సిలిండర్ ఒకటి, నిమిషానికి 60 లీటర్లు తోసే హై ఫ్లో యంత్రానికి తగిలిస్తే రెండు గంటలైనా రాదు. అదే సిలిండర్ మత్తు మెషీన్ మీద నిమిషానికి రెండు లీటర్లతో రెండు రోజులు దాటి వస్తుంది. ఆపరేషన్లు ఆపితే ఆక్సిజన్ మిగిలిపోతుందన్న మాట అందుకే అంత సరైంది కాదు. భద్రాచలం ఇవతల సారపాకలో ఉన్న ఐటీసీ కాగితం మిల్లు 2021 వేసవిలో చుట్టుపక్కల ఆస్పత్రులకు ఆక్సిజన్ ఇవ్వడం మొదలుపెట్టింది. గుజ్జును తెల్లబరచడానికి కాగితం మిల్లులు ఆక్సిజన్ వాడతాయి. అదే సమయంలో ఆంధ్రా నుంచి హైదరాబాదుకు వెళ్లే అంబులెన్సులను సరిహద్దులో ఆపేయడం, మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వులపై స్టే ఇవ్వడం కూడా జరిగింది. ఆ రోజుల్లో సరిహద్దు ఇటు పక్క ఊళ్లకూ విజయవాడ దారి మనసులో ఉన్నంత దగ్గరగా లేదు.

కరోనా వచ్చి తగ్గినవాళ్లకు ఎన్నాళ్లకు ఆపరేషన్ చేయొచ్చు? 2020 అక్టోబరులో 116 దేశాల్లో ఆపరేషన్ చేయించుకున్న 1,40,231 మంది వివరాలతో కోవిడ్‌సర్జ్ జవాబిచ్చింది. వైరస్ సోకనివాళ్లలో నెలలోపు మరణాలు నూటికి ఒకటిన్నర. సోకిన రెండు వారాల్లోపు చేయించుకున్నవాళ్లలో 4.1. ఆరు వారాల దాకా పెద్దగా తగ్గలేదు, 3.6. ఏడు వారాలు దాటాక మళ్లీ ఒకటిన్నరకు వచ్చింది. ఇంకా ఆయాసం, దగ్గు మిగిలి ఉన్నవాళ్లలో మాత్రం ఏడు వారాల తర్వాత కూడా 6. అలా పుట్టింది ఏడు వారాల నియమం. టీకాలు, ఒమిక్రాన్ వచ్చాక 2023 నాటికి దాన్ని సడలించారు.

నియమం పుట్టిన కొద్ది నెలలకే తెలంగాణలో దాన్ని పాటించడం కుదరని జబ్బు వచ్చింది. 2021 మేలో బ్లాక్ ఫంగస్. షుగర్ అదుపు తప్పినవాళ్లలో, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లలో, కరోనా తగ్గీ తగ్గకముందే ముక్కులోంచి సైనస్‌లకూ, కంటికీ, మెదడుకీ పాకే బూజు. ఆంఫోటెరిసిన్ మందు ఒక్కటే సరిపోదు, చచ్చిన కణజాలానికి రక్తం అందదు కాబట్టి మందూ చేరదు. చెక్కి తీసేయాలి. ఏడు వారాలు ఆగితే కన్నో ప్రాణమో పోతుంది. కోఠీలోని ఈఎన్‌టీ ఆస్పత్రిని దీనికి ముఖ్య కేంద్రం చేశారు, కరోనా ఇంకా ఉన్నవాళ్లను గాంధీకి పంపారు. ఒకే జబ్బుకు రెండు తలుపులు. అప్పుడే వైరస్ వదిలిన ఊపిరితిత్తులతో, మూడొందలు దాటిన షుగర్‌తో, మళ్లీ మళ్లీ మత్తు తీసుకుంటూ జనం అక్కడ బారులు తీరారు. ఆపరేషన్ ప్రమాదాన్ని ఆగడం వల్ల వచ్చే ప్రమాదంతో కలిపి తూచాలి తప్ప విడిగా చూడకూడదన్నది అక్కడి డాక్టర్లు ఏ పట్టికా అవసరం లేకుండా రోజూ చేసిన పని.

వాయిదా పడినవాళ్ల సంగతి మిగిలింది. మామూలు కన్నా 20 శాతం ఎక్కువ ఆపరేషన్లు చేస్తూ పోయినా పేరుకుపోయినవి తీరడానికి 45 వారాలు పడుతుందని 2020లోనే లెక్కవేశారు. ఇంగ్లండ్‌లో చికిత్స కోసం ఎదురుచూస్తున్న కేసుల జాబితా 2020 ఫిబ్రవరిలో 45 లక్షల పైచిలుకు ఉంటే 2023 సెప్టెంబరుకి 77 లక్షలు దాటింది. అంత పొడవు జాబితా చూసి వాళ్లను తిట్టుకున్నారు గానీ, ఎవరు ఆగుతున్నారో వాళ్లకు పేరుపేరునా తెలుసు. మన దగ్గర అలాంటి జాబితా ఉన్నది గర్భిణులకు మాత్రమే. ఆశా కార్యకర్త రిజిస్టర్లో ఈడీడీ, అంటే కాన్పు తేదీ, రాసి ఉంటుంది. దాన్నిబట్టే లాక్‌డౌన్‌లోనూ ఏ ఇంటికి ఎప్పుడు 108 పంపాలో తెలిసింది, అడవి పల్లెల వాళ్లను తేదీకి ముందే తెచ్చి ఆస్పత్రి దగ్గర ఉంచగలిగారు. హెర్నియాతో పొలం పనికి పోతున్న జూలూరుపాడు రైతుకు, నెలనెలా రక్తం పోతున్నా గర్భసంచి ఆపరేషన్ వాయిదా వేసుకున్న కొణిజర్ల ఆమెకు ఏ రిజిస్టర్లోనూ తేదీ లేదు. ‘కరోనా తగ్గాక రండి’ అన్న మాట చెప్పి పంపినప్పుడు ఫోన్ నంబరు రాసుకున్న ఆస్పత్రులు వాళ్లను మళ్లీ పిలవగలిగాయి. రాసుకోనిచోట, హెర్నియా బిగుసుకున్న రాత్రి ఆ రైతు మళ్లీ వైరా సెంటర్‌కే వచ్చి ఏ దారి పట్టాలని అడగాలి.